మత్తుకు టీకా: ఎవరికి వేస్తారు, ఎవరినడిగి వేస్తారు?

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమంటే మామూలుగా ఏటీపీ, ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, రాని నోబెల్ బహుమతి, ఈ నాలుగూ చెప్పి దండం పెట్టి దిగిపోతాం. నేను ఆయన మందుల్లో మనం తక్కువగా తలచుకునే ఒకదాన్ని ఎత్తుకుంటాను. డైఇథైల్ కార్బమజైన్. ఆయన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు పెద్దగా ఉన్న రోజుల్లో, 1947లో వెలుగు చూసిన మందు. ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు గానీ, బోదకాలు మాత్ర అంటే గోదావరి జిల్లాల్లో పిల్లాడిక్కూడా తెలుసు. బోదకాలు ఉన్న జిల్లాల్లో 2004 నుంచి ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి దాన్ని పంచారు. జబ్బు ఉన్నవాళ్ళకే కాదు, ఊరందరికీ.

ఎదురుగా నిలబడి మింగించాలని ఆదేశం. గడప దగ్గర జరిగేది వేరు. "ఇంకా అన్నం తినలేదండీ, తిన్నాక వేసుకుంటాను" అని ఇల్లాలు మాత్రలు తీసుకుని కొంగున ముడేస్తుంది. లోపలి గదిలోంచి అత్తగారి గొంతు: "మనింట్లో ఎవరికీ లేదు కదే, మనకెందుకు?" ఈలోగా రిజిస్టర్లో ఆ ఇంటి పేరు ఎదురుగా టిక్కు పడిపోతుంది. పంచిన మాత్రల లెక్క ఎప్పుడూ ఘనంగానే ఉండేది. మింగిన మాత్రల లెక్క అడిగితే మేం కమ్యూనిటీ మెడిసిన్ వాళ్ళం కాస్త గొంతు సవరించుకునేవాళ్ళం.

ఆ అత్తగారిని తెలివితక్కువదని అనుకోవడం తేలిక. కానీ ఆవిడ మాటలో న్యాయమైన శంకలున్నాయి. ఒంట్లో లేని జబ్బుకు మందేమిటి? వేసుకుంటే ఆ జబ్బు మా ఇంట్లో ఉందని పక్కింటివాళ్ళు అనుకోరా? ఇంతకీ ఇది నా మంచి కోసమా, మీ లెక్క కోసమా? ఇవాళ అమెరికాలో తయారవుతున్న, ఓపియాయిడ్ల మత్తును అడ్డుకునే ఒక కొత్త రకం టీకా గురించి మాట్లాడతాను. దాని చుట్టూ జరుగుతున్న వాదనలన్నీ నాకు ఆ గడప దగ్గరి మాటల్లాగే వినిపిస్తాయి.

ఓపియాయిడ్లంటే నల్లమందు జాతి మందులు. మార్ఫిన్, హెరాయిన్, ఆక్సికోడోన్, ఫెంటానిల్. వీటి మోతాదు మించితే మనిషి నిద్రలోకి జారతాడు, పెదవులు నీలం తిరుగుతాయి, ఊపిరి నిమిషానికి నాలుగైదుకు పడిపోతుంది, ఆపైన ఆగిపోతుంది. అమెరికాలో 2022లో మత్తు పదార్థాల ఓవర్‌డోస్‌తో పోయినవాళ్ళు 1,07,941 మంది. అందులో నాలుగింట మూడు వంతులు ఓపియాయిడ్ల వల్లే. 2024 నాటికి మొత్తం మరణాలు 80 వేల దరిదాపులకు దిగాయి. దిగాయని సంతోషించాలి, నిజమే. అయినా అది ఒక మోస్తరు పట్టణ జనాభా.

ఈ మరణాల్లో ఎక్కువ భాగానికి కారణం ఫెంటానిల్. బెల్జియంలో పాల్ జాన్సెన్ ప్రయోగశాలలో పుట్టింది. మార్ఫిన్‌కు దాదాపు వంద రెట్ల బలం. 2 మిల్లీగ్రాములు ప్రాణం తీయగలవని అమెరికా మాదకద్రవ్యాల నిరోధక విభాగం లెక్క. మన ఆపరేషన్ థియేటర్లలో మత్తు డాక్టర్లు రోజూ కొలిచి ఎక్కించేది కూడా ఇదే. వీధిలో ఆ కొలత ఉండదు.

టీకా ఆలోచన ఏమిటంటే: ఫెంటానిల్ అణువు చాలా చిన్నది, మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని అసలు లెక్కే చేయదు. అందుకని దాని నమూనాను ఒక పెద్ద ప్రోటీనుకు, అంటే ధనుర్వాతం టీకాలోనో కంఠసర్పి టీకాలోనో వాడే లాంటి ప్రోటీనుకు, అంటించి ఇంజెక్షన్ చేస్తారు. పెద్ద ప్రోటీనును చూసి శరీరం మేల్కొంటుంది. దానితో పాటు అంటుకున్న చిన్నదానికీ యాంటీబాడీలు తయారుచేస్తుంది. తర్వాత ఎప్పుడైనా ఫెంటానిల్ రక్తంలోకి వస్తే ఆ యాంటీబాడీలు పట్టుకుంటాయి. వాటితో కలిసి బరువెక్కిన అణువు రక్తానికీ మెదడుకూ మధ్యనున్న గోడ దాటలేదు. మత్తూ ఎక్కదు, ఊపిరీ ఆగదు.

ఇది నిన్నా మొన్నటి ఊహ కాదు. 1974లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు నేచర్ పత్రికలో ఒకే ఒక్క కోతి కథ రాశారు. మీట నొక్కి తనంతట తనే హెరాయిన్ ఎక్కించుకోవడం నేర్చిన కోతి. మార్ఫిన్ టీకా వేశాక అది హెరాయిన్ మీట మీద ఆసక్తి పోగొట్టుకుంది. కొకెయిన్ మీటను మాత్రం ఎప్పట్లాగే నొక్కుతూ పోయింది. హెరాయిన్ మోతాదు బాగా పెంచేసరికి మళ్ళీ దానికీ అలవాటు పడింది. ఈ టీకాల బలమూ బలహీనతా రెండూ ఆ ఒక్క కోతిలోనే ఉన్నాయి. తర్వాతి యాభై ఏళ్ళు ఆ రెంటి మీద వ్యాఖ్యానమే అనొచ్చు. కొలంబియా విశ్వవిద్యాలయంలో శాండ్రా కోమర్, మిన్నెసోటా నుంచి తర్వాత సియాటిల్ వెళ్ళిన మార్కో ప్రావెటోనీ కలిసి ఆక్సికోడోన్ టీకాను 2021లో మనుషుల మీద పరీక్షించడం మొదలుపెట్టారు. హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో కాలిన్ హేల్ బృందం ఫెంటానిల్ టీకా ఎలుకల్లో పనిచేసిందని 2022లో ప్రకటించింది.

ఇక జనం మాటకొద్దాం.

ఈ టీకా ఇంకా మందుల దుకాణానికి రాలేదు కాబట్టి దాని మీద ప్రజాభిప్రాయం గాలిలో ఉంది అనుకుంటాం. లేదు. దానికి ఒక అన్నగారు ఉన్నాడు, ఆయన్ని ఊళ్ళో ఎలా చూశారో మనకు తెలుసు. ఆయన పేరు నాలోక్సోన్. ఊపిరాగుతున్న మనిషి ముక్కులో కొడితే రెండు మూడు నిమిషాల్లో కళ్ళు తెరుస్తాడు. అమెరికాలో 1971లోనే అనుమతి పొందింది. చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి కోసం 2023 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్యకాలంలో జరిగిన వాదన చూడండి. 2016లో మెయిన్ రాష్ట్ర గవర్నర్ పాల్ లెపేజ్ దాన్ని అందుబాటులోకి తెచ్చే బిల్లును వీటో చేశాడు. ఇది ప్రాణం నిలబెట్టదు, తర్వాతి ఓవర్‌డోస్ దాకా పొడిగిస్తుందంతే అన్నది ఆయన వాదన. శాసనసభ ఆ వీటోను తోసిపుచ్చింది. 2017లో ఒహాయోలోని బట్లర్ కౌంటీ షెరీఫ్ తన సిబ్బంది జేబులో నాలోక్సోన్ పెట్టుకోరని తెగేసి చెప్పాడు. అదే కౌంటీలోని మిడిల్‌టౌన్‌లో ఒక కౌన్సిలర్, రెండుసార్లు ఓవర్‌డోస్ అయినవాడికి మూడోసారి అంబులెన్సు పంపొద్దని ప్రతిపాదించాడు.

మూడో గుండెపోటుకు అంబులెన్సు వద్దని ఏ కౌన్సిలరూ అనడు. మధుమేహం ఉండి మామిడిపళ్ళు ఆపుకోలేని మామయ్యకు ఇన్సులిన్ మానేయమని ఎవరూ అనరు. కాబట్టి ఈ వాదన మందు పనితనం గురించి కాదు, మనిషి అర్హత గురించి. టీకా దగ్గరికొచ్చేసరికి అదే వాదన ఒక చిత్రమైన మలుపు తీసుకుంటుంది. నాలోక్సోన్ ఇస్తే వాళ్ళకు భయం పోతుందన్నవాళ్ళే, టీకా అనగానే అయితే వాళ్ళందరికీ వేసేయండి అంటారు. నాలోక్సోన్ వాడి ప్రాణం కాపాడి వాడి దారిన వాణ్ణి వదిలేస్తుంది. టీకా మత్తును కూడా అడ్డుకుంటుంది. ఒకటి దయ, రెండోది అదుపు. జనంలో ఒక పెద్ద భాగానికి రెండోదే నచ్చుతుంది. ఆ మెచ్చుకోలు చూసి టీకా వైపు వాళ్ళు సంబరపడకూడదని నా అభిప్రాయం.

ఇందులో మన వాళ్ళ సంగతి కూడా ఉంది. డల్లాస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్ ఊళ్ళలో ఎంత మంది తెలుగువాళ్ళున్నారో మీకు చెప్పనక్కర్లేదు. ఆ పక్కనే ఉన్న క్యారల్టన్‌లో 2022-23లో స్కూలు పిల్లలు ఫెంటానిల్ కలిసిన నకిలీ మాత్రలు మింగి చనిపోయారు. వాళ్ళు సూదులు గుచ్చుకునే రకం కాదు. నొప్పి మాత్రనో ఇంకేదో అనుకుని మింగిన పిల్లలు. మాదకద్రవ్యాల విభాగం వాళ్ళు 2023లో పట్టుకున్న నకిలీ మాత్రల్ని పరీక్షిస్తే పదింట ఏడింటిలో ప్రాణం తీయగల మోతాదు తేలింది. కాబట్టి కాలేజీకి వెళ్ళే ముందు పిల్లలకు ఫెంటానిల్ టీకా వేయిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడ సహజంగానే వచ్చింది. ఆ మాట ఒక తెలుగు తల్లి ముందు పెట్టి చూడండి. "మా వాడు అలాంటివాడు కాదండీ" అంటుంది. ఇది కొంగున ముడేసిన మాత్రే. నిజానికి అలాంటివాడు కాని పిల్లాడికే ఈ టీకా సరిగ్గా పనికొస్తుంది. ఒక్క మాత్ర, పొరపాటున, జీవితంలో ఒకేసారి. అలవాటు లేని ఒళ్ళు కాబట్టి దానికే ప్రమాదం ఎక్కువ. అయినా టీకా వేయించడమంటే మా ఇంట్లో అనుమానం ఉందని ఒప్పుకోవడం. దసరా బొమ్మల కొలువు పేరంటంలో ఆ విషయం ఎవరు చెప్పుకుంటారు?

మన దేశానికి ఇది దూరపు సంగతి అనుకోనక్కర్లేదు. ఎయిమ్స్ వాళ్ళు 2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం ఏదో ఒక రూపంలో ఓపియాయిడ్లు వాడేవాళ్ళు 2.26 కోట్ల మంది. ఈశాన్య రాష్ట్రాలు, పంజాబు ముందున్నాయి. మన తెలంగాణ పల్లెల కష్టం వేరే: కల్లులో కలిపే ఆల్ప్రాజోలం. అది ఓపియాయిడ్ కాదు, ఈ టీకాకు దానితో సంబంధం లేదు.

ఇప్పటిదాకా చెప్పినవి వేసుకోని వాళ్ళ అభిప్రాయాలు. వేయించుకోవాల్సిన మనిషి ఏమంటాడు?

అతని మొదటి ప్రశ్న నొప్పి. రేపు కాలు విరిగితే, కాన్పుకు కోత పెడితే, కాన్సరు వస్తే నాకు మందు పనిచేస్తుందా? ఇది చిన్న ప్రశ్న కాదని హైదరాబాదు వాళ్ళకు బాగా తెలియాలి. మార్ఫిన్ అంటే భయంతో 1985 నాటి చట్టం ఎంత బిగించిందంటే, నల్లమందు పండించి లోకానికి అమ్మే దేశంలో కాన్సరు రోగి నొప్పికి మార్ఫిన్ దొరక్కుండా పోయింది. 2014లో ఆ చట్టాన్ని సవరించారు. ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ వార్డు నడిపే డాక్టర్లు ఇప్పటికీ రోగి నొప్పితో పాటు బంధువుల భయంతో కూడా పోరాడాలి. "మార్ఫిన్ మొదలెట్టారంటే ఇక అయిపోయినట్టేగా" అని కారిడార్లో పక్కకు పిలిచి అడుగుతారు. టీకా విషయంలో శాస్త్రం ఇచ్చే జవాబు కొంత ఊరటే. హ్యూస్టన్ ఎలుకల్లో ఫెంటానిల్ మీది యాంటీబాడీలు మార్ఫిన్‌ను పట్టుకోలేదు. కాబట్టి ఫెంటానిల్ పనిచేయకపోయినా మార్ఫిన్ పనిచేయాలి. అయితే స్పృహ లేకుండా అర్ధరాత్రి క్యాజువాలిటీకి వచ్చిన మనిషికి ఈ టీకా ఉందని మత్తు డాక్టరుకు ఎవరు చెప్తారు? అతని మెడలో బిళ్ళ వేలాడదీస్తారా? ఆ బిళ్ళ ఉద్యోగమిచ్చేవాడి కంటా పడదా?

అదే రెండో భయం. యాంటీబాడీ అన్నది రక్తంలో నెలల తరబడి ఉండే సాక్ష్యం. మాట మార్చొచ్చు, ఊరు మారొచ్చు, రక్త పరీక్ష మాత్రం ఇతనికి ఫలానా టీకా పడిందని చెప్పేస్తుంది. ఇన్సూరెన్సు వాడు, పిల్లల కస్టడీ తేల్చే కోర్టు, కాబోయే వియ్యంకుడు, ఎవరికి ఎందుకు పనికొస్తుందో ఊహించుకోండి. టీకా వేయించుకున్నవాడు మానదలచినవాడనే అర్థం ఎందుకు రాదు అని ఒక విద్యార్థి అడిగాడు. రావాలి. కానీ మన రిజిస్టర్లు మనుషుల మంచి ఉద్దేశాలను నమోదు చేయవు కదా.

మూడోదే నాకు ముఖ్యమనిపించేది: నన్ను అడుగుతారా, పట్టుకుని వేస్తారా?

ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. అమెరికాలో నెలకోసారి వేసే నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్‌కు ఓపియాయిడ్ వ్యసనం కోసం 2010లో అనుమతి వచ్చింది. అదీ మత్తును అడ్డుకునేదే. దాన్ని కొందరు డ్రగ్ కోర్టు జడ్జీలు తెగ ఇష్టపడ్డారు. వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మెథడోన్, బుప్రెనార్ఫిన్ మరణాలను తగ్గిస్తాయని ఎంత ఆధారమున్నా, అవి కూడా ఓపియాయిడ్లే కదా అని పక్కన పెట్టి, ఇంజెక్షన్ అయితే ఇంటికి, లేకపోతే జైలుకి అన్నట్టు నడిచిన కోర్టులున్నాయి. దాన్ని సమ్మతి అనాలంటే నాకు నోరు రాదు.

మరి జైలునే లెక్కలోంచి తీసేద్దామా అంటే, టీకా అవసరం అక్కడే అందరికన్నా ఎక్కువ. వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ళ నుంచి విడుదలైన 30 వేల మందిని పరిశీలించి 2007లో ఒక పరిశోధన వెలువడింది. విడుదలైన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదం మామూలు జనం కన్నా 129 రెట్లు ఉందని తేలింది. లోపల ఉన్నన్నాళ్ళూ ఒళ్ళు అలవాటు తప్పుతుంది, కోరిక తప్పదు. బయటికొచ్చి పాత మోతాదే వేసుకుంటాడు. ఆ రెండు వారాలు దాటించే యాంటీబాడీలు అతని రక్తంలో ఉంటే బతుకుతాడు. అంటే టీకా అందరికన్నా ఎవరికి మేలు చేస్తుందో, వద్దని చెప్పే అవకాశం అందరికన్నా తక్కువ ఉన్నదీ వాడికే. దీనికి సులువైన విరుగుడు నా దగ్గర లేదు. సమ్మతి పత్రం మీద సంతకం ఉంది కదా అనేవాళ్ళకు మాత్రం మన ఖమ్మం గుర్తు చేస్తాను.

2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖ కాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి చేపట్టిన పథకం. ఆ టీకా మంచిది. ఆ మాట అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. ఆ కాలంలో కొందరు పిల్లలు చనిపోయారు, ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పింది. కానీ అదే విచారణలో సమ్మతి పత్రాలు తిరగేస్తే, చూసిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. అమ్మానాన్నలు అడవి పల్లెల్లో ఉన్నారు, పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నారు, ఫారం నింపే గడువు దగ్గర పడింది. వార్డెన్ చేతిలో పెన్ను ఉంది. 2010 ఏప్రిల్లో పథకం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పు పట్టింది. మంచి టీకాకు మన దగ్గర ఎన్నేళ్ళు చెడ్డపేరు వచ్చిందో ఈ సభలో ఉన్న గైనకాలజిస్టుల్ని అడగండి. జైలరు కూడా ఒక వార్డెనే.

అయితే బలవంతం వద్దనడానికి నీతి ఒక్కటే కారణమని మీరు అనుకోకండి. నీతి మాట చెబితే పరిపాలనాధికారులు తలూపి ఫైలు మూసేస్తారు. శాస్త్రమే ఇక్కడ మనిషి పక్షాన ఉంది. మోతాదు పెంచేసరికి టీకాను దాటేసిన ఇందాకటి కోతిని గుర్తు తెచ్చుకోండి. కొకెయిన్‌కు టీకా కనిపెట్టి మెథడోన్ తీసుకుంటున్న 115 మంది మీద పరీక్షించారు, ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. టీకా పడ్డవాళ్ళలో తగినన్ని యాంటీబాడీలు తయారైంది 38 శాతం మందికే. వాళ్ళలో వాడకం తగ్గింది, బాగానే ఉంది. కానీ కొందరి మూత్రంలో ముందెప్పుడూ చూడనంత కొకెయిన్, పది రెట్ల దాకా, కనిపించిందని పరిశోధకులే పత్రికలకు చెప్పారు. మత్తు ఎక్కట్లేదని మళ్ళీ కొని, మళ్ళీ వేసుకుని, చేతిలో డబ్బంతా ఊడ్చుకున్నవాళ్ళున్నారు. యాంటీబాడీలు లెక్కకు తగ్గట్టే పట్టుకుంటాయి, లెక్క మించితే మిగిలినదంతా మెదడుకే పోతుంది. లేదంటే వేరే సరుకుకు మారొచ్చు. ఫెంటానిల్ టీకా హెరాయిన్‌ను ఆపదు. వీధి ఫెంటానిల్లో ఇప్పుడు కలుస్తున్న జైలజీన్ అనే పశువుల మత్తుమందును అసలే ఆపదు. టీకా కోరికను చంపదు, విత్‌డ్రాయల్ బాధను తగ్గించదు. ఆ పని బుప్రెనార్ఫిన్‌ది, మెథడోన్‌ది, పక్కన కూర్చుని మాట్లాడే మనిషిది.

అంటే మానాలని, కనీసం చావకూడదని అనుకుంటున్నవాడికి ఈ టీకా కవచం. వద్దన్నవాడికి బలవంతంగా వేస్తే అది అతనికి దాటాల్సిన అడ్డంకి మాత్రమే. దాటే ప్రయత్నంలో ప్రాణం పోవచ్చు. మశూచి టీకా వద్దన్నవాడికి వేసినా మశూచి రాకుండా ఆపింది. వైరస్‌కు పట్టుదల లేదు, మనిషికుంది.

కార్యక్రమాలు రాసే కుర్రవాళ్ళు ఈ సభలో ఉన్నారు కాబట్టి ఒక ఆచరణ విషయం చెప్పి ముగిస్తాను. ఈ టీకాలు ఒక్క డోసుతో అయ్యేవి కావు. వారాల ఎడంతో రెండో మూడో డోసులు పడితే గానీ యాంటీబాడీలు చాలినంత రావు. వచ్చాక కూడా నెలల్లో తగ్గుతాయి, మళ్ళీ బూస్టరు కావాలి. ఆర్నెల్ల శిక్ష పడిన మనిషికి మొదటి రెండు డోసులు గోడల లోపల వేయగలరు. బూస్టరు నాటికి అతను బయట ఉంటాడు. చిరునామా ఉండదు, ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది. అతణ్ణి వెతికి పట్టుకునే ఆశా కార్యకర్త అమెరికాలో లేదు. క్లినిక్కుకు తనే నడిచి రావాలి. మొదటి డోసు రోజు అతనితో ఎవరైనా అరగంట కూర్చుని, నొప్పి మందుల సంగతి, కాగితాల్లో పేరు సంగతి, మానేస్తే ఏమవుతుందన్న సంగతి చెప్పి, వద్దంటే విడుదల ఆగదని కూడా చెప్పి, ఒక నాలోక్సోన్ స్ప్రే చేతిలో పెట్టి ఉంటే వస్తాడేమో. క్యూలో నిలబెట్టి చొక్కా చెయ్యి పైకి లాగి వేసి ఉంటే, రిజిస్టర్లో రెండు టిక్కులు ఉంటాయి, మూడోది ఖాళీగా ఉంటుంది.

మీ ప్రశ్నలకు సమయం మిగిల్చాను. అడగండి.